కుడి చక్రానికి నూనె

“నా కొడుకును నేనే చంపిన సారూ. గది నువ్వు రుజువు చెయ్యాలె.”

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో, టైర్ల దుకాణం మీది గదిలో ఉండే డిటెక్టివ్ మోతీలాల్ దగ్గరికి చాలామంది వచ్చి పోయారు. సంబంధం కుదిరిన పిల్లగాడు తాగుతాడో లేదో కనుక్కోమని వచ్చారు. వీసా ఇప్పిస్తానని మాయమైన ఏజెంటును పట్టియ్యమని వచ్చారు. నేరం తన మీదే రుజువు చేయమని వచ్చిన మనిషిని మాత్రం వినీత ఇదే చూడడం. ఆయన దగ్గర సహాయకురాలిగా కుదిరాక ఇట్లా చేతిలో పెన్ను కదలక కూర్చోవడం కూడా ఇదే మొదలు.

ముసలమ్మ పేరు ముత్తవ్వ. ఎల్లారెడ్డి నుంచి పొద్దుటి బస్సుకు వచ్చింది. బస్సు టికెట్టును కొంగు చివర ముడేసుకుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడకు ఆనుకొని నేల మీద కూలబడింది. మోతీలాల్ తన కుర్చీలోంచి లేచి, ఆమెకు ఎదురుగా తానూ నేల మీదే కూర్చున్నాడు. ఆయన మాచారెడ్డి దిక్కు తండా మనిషి. గుద్దుకున్న బండ్లను బీమా కంపెనీల తరఫున చూసి పెట్టడంలోనే సగం జీవితం గడిచింది. మాట తక్కువ. ఎదుటి మనిషి మాట ఆగితే ఆ ఖాళీని తాను నింపడు. అక్కడే అసలు మాట జారుతుందని ఆయన నమ్మకం.

“ఏ కొడుకవ్వా?” అన్నాడు.

“పెద్దోడు. గంగారాం. దుబాయిల పెద్ద పెద్ద షేకుల రేసు కార్లు బాగు చేసేటోడు. మొన్న వానకాలానికి ముంగట ఇంటికొచ్చిండు. రెండు తలుపుల ఎర్ర కారు ఒకటి కొన్నడు, పాతది. గదంటె పానం ఆనికి. దాని బిరేకులు అరిగినయని పట్నం పోయి కొత్త పల్లేలు తెచ్చిండు. కంచాల లెక్క మెరుస్తుండె. డిస్కులంటరట.”

“ఊఁ.”

“కొత్త కొడవలి తెస్తే పసుపు పెట్టనిది కొయ్యకు పోము. కొత్త నాగలైనా గంతే. తెల్లారంగ లేచి దేవుని గూట్లె ఉన్న నువ్వుల నూనె తీసుకొని ఆ రెండు పల్లేలకు రాసిన. పసుపు పూసి బొట్లు పెట్టిన. పెద్దోడు వాటిని కామారెడ్డికి తీస్కపోయి బండికి ఏయించుకొని పొద్దుగూకంగ ఇల్లు చేరిండు. తెల్లారి పోయినోడు మల్ల రాలే. లింగంపేట రాకముందు అడివి దిగుడున్నది గద, గాడ గొర్లమంద అడ్డమొచ్చిందట. బండి పోయి మోరీ గోడకు గుద్దింది.”

ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయినట్టుంది. కండ్లు ఎండిన చెలమల్లా ఉన్నాయని వినీత అనుకుంది.

“నూనె రాసినందుకే బండి ఆగలేదని నీకు ఎవరు చెప్పిండ్రు?”

“నా చిన్నోడు, పర్శరాములు. పీనుగ లేవక ముందే చెవుల చెప్పిండు. ‘అవ్వా, నువ్వు రాసిన నూనెకే బిరేకులు జారినయి. ఎవ్వల్కీ చెప్పకు. కొడుకును మింగిన తల్లి అని ఊరు ఉమ్మేస్తది’ అని. నేను నోరు మూసుకున్న. ఆడు పోయి మైసన్న మీద ఫిర్యాదిచ్చిండు. డిస్కులు ఏసిన మేస్త్రి గాయిననే. మా దాయాది పాలోళ్లు ఆయన చెయ్యి ఇరగ్గొట్టిండ్రు, షెడ్డుకు తాళమేసిండ్రు. ఆయన పెండ్లాం ప్రమీల చంటిపిల్లనేసుకొని మా వాకిట్లకొచ్చి నా కాళ్లు పట్టుకున్నది. నేను చేసిన పాపానికి ఇంకొక ఇల్లు మునుగుతుంటే చూస్త కూసోనా? ఠాణాకు పోదునంటే చిన్నోడు పోనియ్యడు. నువ్వన్న చెప్పు సారూ. ముసల్దే చేసిందని రుజువు చెయ్యి. మైసన్నను ఈ కేసుల నుంచి ఇడిపియ్యి.”

మోతీలాల్ ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

“రెండు డిస్కులకూ రాసినవా అవ్వా?”

“రాయకుంటె?” ముత్తవ్వకు కోపం వచ్చింది. “రెండింటికీ, బోర్ల దిక్కు, ఎల్లెల్కల దిక్కు రాసిన. ఒక బిడ్డకు తలంటి ఒక బిడ్డను ఇడిసిపెడ్తనా?”

“ఇడిసిపెట్టవు,” అన్నాడు మోతీలాల్ లేస్తూ. “వినీతా, టీ చెప్పు. అవ్వను బస్సెక్కించి మైసన్న దగ్గరికి పోదాం.”

*

మైసన్న షెడ్డు ఊరి బయట, ఎల్లారెడ్డి రోడ్డు మీద ఉంది. షట్టరుకు ఎవరిదో తాళం వేలాడుతోంది. తన దుకాణం ముందు తానే పరాయివాడిలా రాతి మీద కూర్చున్నాడు మైసన్న. కుడిచేతికి కట్టు. ముప్పై అయిదేళ్లు ఉండొచ్చు.

“మీరు కూడ కొడ్తానికేనా సార్? జెర ఎడమ చెయ్యి ఇడిసిపెట్టుండ్రి, బువ్వ తినాలె,” అన్నాడు.

“కొట్టేటోళ్లు ఆడపిల్లను ఎంట తెచ్చుకోరు,” అంది వినీత.

మైసన్న మొగంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. మోతీలాల్ పక్క రాయి మీద కూర్చున్నాడు. “ఆ సామాను ఎవరు ఎంచిండ్రు? నువ్వా, గంగారామా?”

“నన్ను ఎంచనిస్తడా గంగన్న? నేను బొక్కల డిస్కులు తెద్దామన్న. చక్రం సందుల నుంచి కనబడ్తే జోరుగుంటది గద. నవ్విండు. ‘ఇది పెండ్లి గుర్రం కాదుర మైసన్న, సింగారించుటానికి. బొక్కలున్నది బాగ కాగితే బొక్క పొంటి పగుల్తది. మన మట్టికి గవన్ని పూడుకపోతయి. సాఫు డిస్కు తెస్త’ అన్నడు. పాతయి సాన పట్టియ్యరాదా, పైసలు మిగుల్తయి అంటే, ‘పల్చబడ్డది పల్చబడ్డదే, సాన పడ్తే ఇంకింత పల్చబడ్తది’ అన్నడు.”

“డిస్కును పట్టి ఆపే ప్యాడ్ల సంగతి?”

“అదే పెద్ద పంచాయితి అయ్యింది. పట్నం దుకాణమోడు రేసు ప్యాడ్లు అంటగట్టబోయిండట. స్పోర్ట్స్ కారుకు అవ్వే పడ్తయని నేను కూడ అన్న. గంగన్న వద్దన్నడు. రేసు ప్యాడు బాగ ఏడెక్కితెనే పట్టుకుంటదట. పొద్దుగాల సల్లగున్నప్పుడు తొక్కితే జారుతదట. ‘ఈ బండ్ల మా అవ్వ కూసుంటది. మొదటి తొక్కుడుకే ఆగాలె’ అని మామూలు రోడ్డు ప్యాడ్లే తెచ్చిండు. ముంగటి రెండు చక్రాలకు జతగ మార్చినం. ఒక దిక్కు మార్చి ఒక దిక్కు ఇడిసిపెడ్తే పట్టు ఎక్కువున్న దిక్కుకు బండి గుంజుతది. ఇది పాత బండి, ఏ దిక్కు జారిందో చూసుకొని సర్దుకునే మిషిన్లు దీంట్ల లెవ్వు.”

“డిస్కుల మీద పసుపు, నూనె ఉండెనా?”

మైసన్న తల దించుకున్నాడు. “ఉండె. గంగన్న చూసి, ‘మా అవ్వ దీనికి కూడ తానం పోసింది’ అని నవ్విండు. నన్ను ముట్టనియ్యలే. స్ప్రే కొట్టి, తెల్లగుడ్డతోని రెండింటినీ తనే తుడిసిండు. గుడ్డకు మరక అంటనంతసేపు తుడిసిండు. ‘మా ఇంట్ల చెప్పకు. అవ్వ కండ్లల్ల నీళ్లు తీస్తది’ అన్నడు. తర్వాత తాడ్వాయి దిక్కు రోడ్డు మీదికి పోయినం. ఉరికిచ్చుడు, తొక్కుడు, మల్ల ఉరికిచ్చుడు, తొక్కుడు. కొత్త ప్యాడు డిస్కుకు కుదురుకోవాలె గద. ఎన్నిసార్లు తొక్కినా నడుమ తాడు కట్టి గుంజినట్టు సక్కగ ఆగింది.”

“ఇదంత పోలీసులకు చెప్పలేదా?”

“చెప్పిన సార్. తుడిసినట్టు సాక్షి ఎవరన్నరు. సచ్చినోడే సాక్షి అన్న.”

రోడ్డు మీదికి వచ్చాక వినీత ఆగలేకపోయింది. “సార్, ఈయన అబద్ధం చెప్పకపోతే ముత్తవ్వ పాపం తుడుచుకుపోయినట్టే కదా. మరి బండి ఎందుకు ఆగలేదు?”

“ఆయన అబద్ధం చెప్పిండో లేదో డిస్కే చెప్తది,” అన్నాడు మోతీలాల్. “మనుషుల లెక్క దానికి చుట్టాలు లేరు.”

*

అడవి దిగుడులో, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గోడ సగం కూలి ఉంది. ఆ పొద్దు నుంచి వాన లేదు గనుక, రోడ్డు మీద టైరు గీసుకుపోయిన నల్లటి గీత ఇంకా కనపడుతోంది. మోతీలాల్ చెప్పులు విడిచి, పొలం గట్టు మీద నడిచినట్టు, ఆ గీత పొడుగునా నడిచాడు. వినీతకు ఆయన ఏం చూస్తున్నాడో మొదట అర్థం కాలేదు. తర్వాత తానూ వంగి చూసింది. గీత ఒక్కటే ఉంది. అది ఎడమ టైరుది. రోడ్డు నడుమ నుంచి మొదలై, ఎడమకు కొడవలిలా తిరిగి మోరీలోకి పోయింది. దాని పక్కన కుడి టైరుది ఉండాల్సిన చోట రోడ్డు శుభ్రంగా ఉంది.

బండి ఎల్లారెడ్డిలో క్రేను వాళ్ల పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. ఎస్ఐ భీమ్‌సింగ్ కుర్రవాడు, నెమ్మదైన మనిషి. “బండి చూసే అధికారి ఇంకా రాలేదు సార్. అప్పటిదాక ఎవరూ చక్రం ముట్టొద్దని తెచ్చిన పొద్దే చీటీ అంటించిన,” అన్నాడు. మోతీలాల్ చెప్పింది విన్నాక, ఫోను చేసి పై వాళ్ల అనుమతి తీసుకున్నాడు. కానిస్టేబులు వీడియో తీస్తుండగా ముందరి చక్రాలు రెండూ విప్పించాడు.

ఎడమ డిస్కు ముత్తవ్వ చెప్పిన కంచంలాగే మెరుస్తోంది. దాని ప్యాడ్లు పొడిగా, బూడిద రంగులో ఉన్నాయి.

తర్వాత కుడి చక్రం విప్పారు. డిస్కు బయటి ముఖం నల్లగా, అట్టు మాడిన పెనంలా ఉంది. బయటి ప్యాడు జిడ్డు తాగి ఉబ్బింది. దాని నడుమ ఉండే సన్నటి గాడిలో పచ్చటి ముద్ద ఇరుక్కుపోయి ఉంది. లోపలి ప్యాడుకు మాత్రం అంచున తప్ప జిడ్డు లేదు.

“పసుపు!” అంది వినీత. “అయితే మైసన్న అబద్ధమే చెప్పాడా సార్?”

మోతీలాల్ ఆ ప్యాడును కాగితం మీద పెట్టి ఆమె ముక్కు దగ్గరికి పట్టాడు. “ఏం వాసన?”

“మాడిన వాసన... నూనెదే. కానీ దీపం నూనె వాసన కాదు సార్. ఎక్కడో చూసిన వాసనే, పేరు రావడం లేదు.”

“పేరు తెలిసిన మనిషి ఇంకొకరు ఉన్నరు,” అన్నాడు మోతీలాల్. చెప్పడానికి ఇష్టం లేని మాటలా ఉంది అది. ఎస్ఐ ఆ ప్యాడ్లను కవర్లలో వేసి సీలు చేశాడు. బయటి ప్యాడు నుంచి చిన్న జిడ్డు ముక్కను వేరే డబ్బీలో పెట్టి తన దగ్గరే ఉంచుకున్నాడు.

*

ముత్తవ్వ ఇంటి ముందు పొడుగాటి వాకిలి. గేటు నుంచి లోపలికి ఎడమ చేతి వైపంతా ప్రహరీ గోడ. మిగిలిన జాగాలో ట్రాక్టరు నిలబడి ఉంది. దాని పక్కన నూనె డబ్బా, గరాటు, మసిగుడ్డలు. గోడకు ఒకచోట ఎర్ర రంగు గీసుకుపోయిన మరక ఉంది.

పర్శరాములు బురద కాళ్లతో అప్పుడే వచ్చాడు. బక్కపలచని మనిషి. చేతులు మాత్రం పారల్లా ఉన్నాయి.

“డిటెక్టివంట! మా అవ్వకు బస్సు కిరాయి దొర్కితే చాలు, ఊరంత తిరిగొస్తది. కూసోండ్రి. చాయ తాగుతరా?”

“తాగినం. అన్న బండి ఎక్కడ పెట్టేటోడు?”

“గీ గోడకే, ఆనిచ్చి. మనిషి దూరే సందు గూడ ఇడిసేటోడు కాదు. నా ట్రాక్టరుకు తోవ ఉండాలె గద. గంత వరకు మంచోడే.”

“గంత వరకేనా?”

“నాగిరెడ్డిపేటల, పోచారం కాలువ కింద పొలం ఉన్నది మాకు. ఆయన దుబాయిల ఉన్నన్ని ఏండ్లు దున్నింది నేను. రాళ్లేరింది నేను. రాత్రి మోటరు కాడ పాములను తొక్కింది నేను. పట్టా అన్న పేరు మీద ఉన్నది. వచ్చిండు, చూసిండు, అమ్ముతనన్నడు. కామారెడ్డిల కార్ల షెడ్డు పెడ్తడట. ‘నువ్వు కూడ వచ్చి పని చెయ్యిర తమ్మీ’ అన్నడు. నా పొలం అమ్మి నాకు పాన చేతికిస్తడట! ఆ పొద్దు బయానా మాట్లాడుతానికే పోతుండె.”

“దాచకుండ చెప్తున్నవు.”

“ఊరందరికీ ఎర్కే. దాస్తె మాత్రం దాగుతదా?”

“అవ్వ నూనె రాసుడు నువ్వు చూసినవా?”

“చూసిన. వద్దన్న గూడ. ఇంటదా?” ఉమ్మి దూరంగా ఊశాడు. “ఆమె తప్పు లేదు సార్. తుడుసుకోవాల్సింది మేస్త్రి. తుడుసుకోలే.”

మోతీలాల్ తల ఊపాడు. “రేపు పొద్దున అందరూ ఇంట్ల ఉండాలె. వదినెను గూడ రమ్మను.”

*

మర్నాడు ముందరి గదిలో చాప పరిచారు. గంగారాం భార్య శ్రీలత గడప మీదే కూర్చుంది. చెల్లెలి సీమంతానికని మాచారెడ్డిలో తల్లిగారింటికి పోయి, మొగుడి శవాన్ని చూడడానికి తిరిగి వచ్చిన మనిషి ఆమె. అత్తను గాని, మరిదిని గాని చూడడం లేదు. మైసన్న కట్టు చేతితో మూలన నిలబడ్డాడు. ఎస్ఐ భీమ్‌సింగ్ కిటికీ దగ్గర ఉన్నాడు. ముత్తవ్వ నడుమ కూర్చొని, శిక్ష వినడానికి వచ్చిన దానిలా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

మోతీలాల్ నిలబడలేదు, గొంతు పెంచలేదు.

“గంగారాం బిరేకులకు నూనె తగిలింది. అందుకే సచ్చిపోయిండు. అది నిజం,” అన్నాడు. “అవ్వ అన్నదీ గదే. ఇంక ఆ నూనె ఎవరిదనేదే మాట.”

“ఎవరిదేంది? నాదే,” అంది ముత్తవ్వ.

“ఇను అవ్వా. నువ్వు రెండు డిస్కులకు రాసినవు. రెండు ముఖాలకూ రాసినవు. నీ నూనె అయితే రెండు చక్రాల కాడ ఉండాలె. రోడ్డు మీద ఎడమ టైరు ఒక్కటే గీసుకపోయింది. అంటే ఎడమది పట్టింది, కుడిది జారింది. పట్టిన దిక్కుకు బండి తిరిగింది. చక్రాలు ఇప్పితే గదే ఉన్నది. ఎడమ డిస్కు అద్దం లెక్క ఉన్నది. కుడి డిస్కుకు, అది గూడ బయటి ముఖానికే నూనె. చక్రం బిగించి ఉండంగ, సందుల నుంచి పోస్తే బయటి ముఖానికే పడ్తది. నువ్వు రాసిన పొద్దు డిస్కులు ఇంట్ల ఇడిగ ఉన్నయి.”

శ్రీలత తల ఎత్తింది.

“మైసన్న పోసిండనుకుందాం. ఆయన షెడ్డుల పోస్తే బండి ఎల్లారెడ్డి దాక రాకపోయేది. వచ్చింది. అంటే ఇంటికి వచ్చినంక పోసిండ్రు. కుడి చక్రానికే ఎందుకు? ఎడమ దిక్కు గోడ. మనిషి దూరే సందు లేదు. తమ్ముని ట్రాక్టరుకు తోవ ఇడుస్తానికి అన్న బండిని గోడకు ఆనిచ్చిండు గనుక.”

పర్శరాములు చాప ఈనెను వేలితో పీకుతున్నాడు.

“ఇంగ పసుపు. ప్యాడు గాడిల పసుపున్నది. బొట్లకు పెట్టిన పసుపైతే గింత ముద్ద మిగలదు. నూనెల కలిపి పోసిండ్రు. ఎందుకు? ఎవరన్న చక్రం ఇప్పి చూస్తే అవ్వ పూజే అనుకోవాలని. అవ్వ పసుపు పెట్టిందని ఎర్కున్నోడు, దాన్ని గంగారాం తుడిసిండని ఎర్క లేనోడు చేసిన పని ఇది. తుడిసింది మైసన్నకు ఎర్కే. పెట్టిందే శ్రీలతకు ఎర్క లేదు, ఆమె ఊర్లనే లేదు.” మోతీలాల్ ముత్తవ్వ వైపు తిరిగాడు. “చక్రాలకు చీటీ అంటించి ఉన్నది. మేము ఇప్పేదాక ఎవ్వరూ చూడలే. నూనెకే జారిందని మాత్రం నీకు పీనుగ లేవకముందే ఒకరు చెప్పిండ్రు.”



ఎస్ఐ తన దగ్గరి డబ్బీని మోతీలాల్ చేతికిచ్చాడు. మోతీలాల్ దాని మూత తీసి ముత్తవ్వ ముందు పెట్టాడు. “నీ దేవుని నూనె వాసన నీకంటె ఎవరికి ఎర్క? చూసి చెప్పు అవ్వా.”

ముత్తవ్వ డబ్బీ అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వినీత ఆమె ముఖాన్నే చూస్తోంది. మొదట ఏమీ లేదు. తర్వాత ఆ ముడతలు ఒక్కొక్కటే ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఇన్నేళ్లుగా రేవు బండ మీద చిన్నకొడుకు అంగీలు ఉతికిన చేతులు ఆమెవి. ఏ వాసన సబ్బుకు పోతుందో, ఏది పోదో ఆమెకు తెలుసు. వినీతకు కూడా అప్పుడే పేరు తట్టింది. వాకిట్లో, ట్రాక్టరు పక్కన, గరాటు పెట్టి ఉన్న డబ్బా.

ముత్తవ్వ మూత పెట్టింది. డబ్బీని నేల మీద పెట్టి ముందుకు తోసింది.

“నువ్వుల నూనెనే,” అంది. “నాదే. ఎస్ఐ సారూ, రాసుకో. ముసల్ది రాత్రి లేచి మల్లొక్కసారి పోసిందని రాసుకో.”

“అవ్వా...” అన్నాడు మోతీలాల్.

“నువ్వు ఊకో! నా ఇంట్ల నూనె నాకెర్క లేదా? నేనే పోసిన. కుడిదానికే పోసిన. నా ఇష్టం!”

మైసన్న ఇంకో దిక్కు తిరిగి గోడను చూశాడు. అతని విడుదల ఆ ముసలిదాని అబద్ధంలోనూ ఉంది, నిజంలోనూ ఉంది. దేన్నీ అడగలేక నిలబడ్డాడు.

“అవ్వా, ఊకో,” అన్నాడు పర్శరాములు.

“నువ్వు మాట్లాడకురా!”

“ఊకో అవ్వా. చాలు.” తల ఎత్తకుండానే చెప్పాడు. “సస్తడనుకోలే సార్. దుబాయిల నేర్చినోడు, ఎట్లనన్న ఆపుకుంటడు, పోయి ఏ పొదలనన్న గుద్దుతడు, కాలిరిగి మంచం పడ్తడనుకున్న. నాట్లు అయ్యేదాక. నాట్లు పడ్డ పొలాన్ని పంట నడుమ ఎవడు కొంటడు? ఒక పంట దొర్కుతది, ఇంక అప్పటికి మనసు మారుతదేమో అనుకున్న. గంతే అనుకున్న.”

“ఒప్పుకుంటా,” అన్నాడు మోతీలాల్. “అన్నను చంపాలని నువ్వు అనుకోలేదు. కానీ పని బయటపడ్తే ఎవరి మీద పడాలో ముందే అనుకున్నవు. నూనెల పసుపు అందుకే కలిపినవు.”

పర్శరాములు మొదటిసారి తల్లి వైపు చూశాడు. అన్నను చంపిన మాట ఒప్పుకున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్ద పెద్ద చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

శ్రీలత గడప మీంచి లేచింది. మరిది ముందుకు వచ్చి నిలబడింది. కొడుతుందని వినీత అనుకుంది. “ఆ షెడ్డుకు ఏం పేరు పెట్టాలనుకున్నడో ఎర్కనా నీకు?” అంది. “నీ పేరు.” అంతే అని లోపలికి పోయింది.

*

జీపులో ఎక్కించేముందు ముత్తవ్వ దండెం మీది నుంచి ఉతికిన అంగీ ఒకటి తెచ్చింది. కొడుకుకు ఇవ్వలేదు. వినీత చేతికి ఇచ్చింది. “గాడ మార్సుకుంటడు,” అంది. మడత పెట్టబోతే వినీత ముక్కుకు ఆ వాసన తగిలింది. సబ్బు వాసన కింద, అడుగున, ట్రాక్టరు నూనె. జీపు దగ్గరికి నడిచి అంగీని ఎస్ఐ చేతికి ఇచ్చింది.

మైసన్న వచ్చి ముత్తవ్వ కాళ్లకు వంగబోయాడు. ఆమె పక్కకు జరిగింది.

“పో బిడ్డా. షెడ్డు తీసుకో. ప్రమీలకు చెప్పు.”

మోతీలాల్ చెప్పులు తొడుక్కుంటూ ఉండిపోయాడు. రెండేళ్లలో ఎన్నో కేసుల చివర ఆయన ముఖం చూసిన వినీతకు, ఏ కేసు చివరా ఆయన ఇంతసేపు చెప్పులు తొడుక్కున్న గుర్తు లేదు.

“నేను నీ తాన ఏమడుగుతానికి వచ్చిన సారూ?” అంది ముత్తవ్వ.

“నువ్వే చేసినవని రుజువు చెయ్యమన్నవు అవ్వా.”

“గంత పని చెయ్యలేకపోతివి. నా చెయ్యే అనుకొని బతుకుతుంటి. గది మోస్తుంటి.”

మోతీలాల్, వినీత గేటు దాటారు. జీపు ఇంకా వీధి మలుపు తిరగలేదు. వెనక నుంచి చప్పుడు వినపడి వినీత తిరిగి చూసింది. ముత్తవ్వ చీపురు పట్టుకొని, నడుం వంచి, గడప నుంచి గేటు దాకా వాకిలి ఊడుస్తోంది.

మనిషి ఊరికి పోతే వెంటనే ఇల్లు ఊడ్వరు. పీనుగ లేచినంకే ఊడుస్తారు.